వేణ్ణీళ్ళ బాకీ

ఆదివారం పొద్దున్నే హీవొత్ అడిగింది:
"మీ జిల్లాలో వేడినీళ్ళు పుట్టే చోటుందా?"
పళ్ళు తోముకుంటున్న నేను నురగతోనే నవ్వాను.
నైర హాస్టల్లో చన్నీళ్ళకే దిక్కు లేదు.
మా భావనపాడులో వేణ్ణీళ్ళు కాగులో కాగుతాయి గానీ
పుట్టవు.

వాళ్ళ ఊరు పుట్టిందే వేణ్ణీళ్ళ కోసమట.
ఎవరో రాణి, పొగలు చిమ్మే ఊటలో పాదాలు పెట్టి
ఇక్కణ్ణించి కదలనందట.
ఆ మొండితనం చుట్టూ ఇళ్ళు లేచి
రాజధాని అయిందట.
ఆ ఊరి పేరుకి అర్థం కొత్త పువ్వట.

ఏదో ఒకటి చూపించాలి కదా పరాయి దేశపు పిల్లకి.
శ్రీకాకుళం కాంప్లెక్సులో కళింగపట్నం బస్సెక్కాం.
"ఏ దేశమమ్మా?" కండక్టరు.
"ఇథియోపియా."
"మా తోడల్లుడు దుబాయిలో ఉన్నాడు, ఎరుగుదువేటి?"
"ఎరుగుదును," అంది హీవొత్, తెలుగులోనే.
ఆయన ఎంత పొంగిపోయాడంటే
చిల్లర రెండు రూపాయలు ఎక్కువిచ్చాడు.

శాలిహుండం కొండ మీద కాపలా కూర్మారావు
కర్ర చాచి చూపించాడు:
అది స్తూపం, ఇది చైత్యం,
అల్లదిగో వంశధార, దాని ఎనకాల సముద్రం.
"స్నానాల గది ఏదీ?"
ఆయన తువ్వాలు తీసి బుర్ర గోక్కున్నాడు.
"ఏటో తల్లీ, అన్ని వందల ఏళ్ళ కిందట
ఎవులెక్కడ నీళ్ళోసుకున్నారో నాకేటి తెలుసు?
నానైతే ఏట్లోనే పోసుకుంతాను."

మిట్టమధ్యాహ్నం. ఇటుకలు పెనంలా ఉన్నాయి.
బోర్లించిన కుండలాంటి ఆ కట్టడం మీద
రెండు అరచేతులూ ఆనించి చాలాసేపు తీయలేదు హీవొత్,
పసిపిల్ల నుదుట జ్వరం చూస్తున్నట్టు.

దిగి ఏటికి పోయాం.
వేసవి వంశధార ఓ పక్కకి ఒత్తిగిలి పడుకుంది,
తక్కిన మంచమంతా ఇసుక.
ఆ ఇసుకలో అక్కడక్కడ
ఏరు మర్చిపోయి వెళ్ళిన మడుగులు, చీలమండ లోతు.
బొంతలు ఉతుకుతున్న ముసలామె మమ్మల్ని చూసి
"ఒలే గుంటలూ, ఎండ మడుగులో దిగండే.
కాళ్ళ నొప్పులు లాగేస్తాది," అంది.

హీవొత్ దిగింది. నిలబడింది.
తరవాత బట్టలతోనే, కొత్త చున్నీతోనే
కూలబడిపోయింది ఆ వెచ్చదనంలో.
పెదాలు కదిలాయి: "అర్బా సెబాత్."
ప్రార్థననుకుని నేను మొహం తిప్పుకున్నాను.

కాదు. అంకె. నలభై ఏడు.

చిన్నప్పుడు అమ్మతో ఊటల స్నానశాలకి వెళ్ళేదట.
రెండు చీటీలకి డబ్బుల్లేక
శాలువాలో దాచి తీసుకుపోయేదట అమ్మ.
చెక్కబల్ల మీద వరస.
ఆవిరిలోంచి గుమస్తా గొంతు అంకెలు పిలిచేది.
ఒకనాడు నలభై ఏడు పిలిచేసరికి తను నిద్రపోయింది.
అమ్మ లేపలేదు.
నలభై ఎనిమిది వెళ్ళింది, నలభై తొమ్మిది వెళ్ళింది,
తలుపులు మూసే దాకా
తన తలకింది తొడ కదపకుండా కూర్చుంది.
ఇద్దరూ ఆ మురికితోనే ఇంటికి నడిచారు.

"ఆ నీళ్ళు నాకింకా బాకీ."

బాకీ అనే మాట ఆమె మా మెస్సు లెక్కల్లో నేర్చుకుంది.
ఇంత సరిగ్గా ఎవరూ వాడగా నేను వినలేదు.

తిరుగు బస్సులో సీటు తడిసింది.
వేరే కండక్టరు. గొణిగాడు.

రాత్రి, వార్డెనుకి తెలియకుండా
దుప్పటి మడతల్లో దాచుకున్న హీటరు కడ్డీ తీశాను.
ఇనప బకెట్టు. అరగంటకి నీళ్ళు మూలగడం మొదలెట్టాయి.
కరెంటు పోకూడదని మొక్కని దేవుడు లేడు.
ఆమె గది తలుపు రెండుసార్లు తట్టి,
గుమస్తా గొంతు నాకు చేతకాదు కనక
చేపలమ్మే మా అత్త గొంతుతో కేకేశాను:

"అర్బా సెబాత్!"

లోపల మంచం కిర్రుమంది.